ఉప్పునీటి ఊళ్ళో లెట్యూస్: ముందు నీళ్ళు చూడండి, తర్వాతే విత్తనం

రెండేళ్ళ కిందట కార్తీక మాసంలో పది కుండీల్లో లెట్యూస్ వేశాను. మొలక బాగానే వచ్చింది. నాలుగాకులు వేశాక ఒక్కొక్క మొక్కా అంచులు మాడటం మొదలుపెట్టింది. ఎండ ఎక్కువైందేమో అనుకుని నీడకు జరిపాను. బలం చాలలేదేమో అనుకుని ఎరువు వేశాను. ఎరువు వేసిన నాలుగో రోజుకి ఇంకో నాలుగు మొక్కలు పోయాయి. పక్కింటి పెద్దమ్మ గోడ మీద నుంచి చూసి, "ఏ నీళ్ళు పోస్తన్నావురా అబ్బాయ్?" అని అడిగింది. బోరు నీళ్ళని చెప్పాను. "ఆ నీళ్ళకి కందిపప్పే ఉడకదు, ఆ లేతాకు బతుకుద్దా?" అంది.

పెద్దమ్మ ఏ కాలేజీలోనూ చదవలేదు గానీ రోగం పట్టుకున్నది ఆమే. నేను ఆకుని చూస్తున్నాను, ఆమె బిందెని చూసింది.

చీరాల నుంచి బాపట్ల వైపు వచ్చేటప్పుడు తగిలే ఈపురుపాలెం, దాని చుట్టుపక్కల ఊళ్ళు ఇసుక నేలలు. మగ్గం ఉన్న ఇళ్ళు, అర ఎకరం, ఎకరం ఉన్న ఇళ్ళు. ఇంటి వెనక నాలుగు గజాల జాగా ఉంటుంది, మిద్దె ఉంటే దాని మీద కొంత ఉంటుంది. పొలం ఉండి కూడా ఆకుకూర కట్టలు కొనుక్కుని తినే ఇళ్ళే ఎక్కువ. అందుకని ఇంట్లో నాలుగు కుండీలు పెట్టుకోవాలన్న ఆలోచన మంచిదే. ఆ కుండీల్లో లెట్యూస్ కూడా వేసుకోవచ్చు. కాకపోతే ఈ తీరంలో దాని కిటుకంతా ఎరువులో లేదు, నీళ్ళలో ఉంది.

అసలు ఈ ఆకు ఏమిటి?

బర్గర్ బండి దగ్గర బన్ను మధ్యలో కరకరలాడే పచ్చటి ఆకు పెడతారే, అదే లెట్యూస్. బంతి, చామంతి, పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందిన మొక్క. కాడ తుంచితే పాలు వస్తాయి. మన దేశంలో నీలగిరుల్లాంటి చల్లని చోట్ల బాగా పండుతుంది. పెద్ద ఊళ్ళ హోటళ్ళకి ఎక్కువగా అలాంటి చోట్ల నుంచే వస్తుంది.

దీన్ని అమ్ముకుందామని వేయొద్దు. కోసిన గంటకే వాడిపోతుంది. చల్లటి గది, చల్లటి బండి లేకుండా చీరాల దాటించడం కూడా కష్టమే. బలం కోసమా అంటే అదీ కాదు. నూటికి తొంభై అయిదు పాళ్ళు నీరే. తోటకూర, మునగాకు పక్కన పెడితే ఇది బలహీనమైన ఆకు. రక్తం తక్కువైన ఆడపిల్లలున్న ఇంట్లో తోటకూర మడి తీసేసి లెట్యూస్ వేస్తే తెలివితక్కువతనమే అంటాను. మరి ఎందుకు వేయాలి? వండే పని లేదు, పిల్లలు పచ్చిగానే తింటారు, చలికాలంలో అరవై రోజుల్లో చేతికొస్తుంది. ఆకు చూసి నీళ్ళ ఉప్పు కనిపెట్టడం కూడా ఇది నేర్పుతుంది. తర్వాత వేసే ప్రతి కూరకీ ఆ చదువు పనికొస్తుంది.

నీళ్ళ సంగతి

మన ఇసుక కింద ఉండేది ఒకే రకం నీరు కాదు. వాన నీరు ఇసుకలో ఇంకి పైన నిలుస్తుంది, దాని కింద సముద్రపు ఉప్పునీరు ఉంటుంది. ఉప్పునీరు బరువు కాబట్టి మంచినీరు దాని మీద తేలినట్టుగా ఉంటుంది. 1889లో గైబెన్ అనే డచ్చి ఇంజనీరు, 1901లో హెర్జ్‌బర్గ్ అనే జర్మన్ ఇంజనీరు విడివిడిగా దీనికి ఒక లెక్క కట్టారు. సముద్ర మట్టానికి పైన 1 అడుగు మంచినీరు నిలిస్తే, మట్టానికి కింద సుమారు 40 అడుగుల దాకా మంచినీరు ఉంటుంది. తిరగేసి చదవండి. మోటారు పెట్టి తోడి పై మట్టాన్ని ఒక్క అడుగు దించితే, కింది నుంచి ఉప్పునీరు 40 అడుగులు పైకి రావడానికి దారి ఇచ్చినట్టే. బోరు వేసిన మొదటి ఏడాది తియ్యగా ఉన్న నీళ్ళు మూడో ఏటికి ఉప్పగా మారడానికి ఎక్కువ చోట్ల కారణం ఇదే.

మన పెద్దలు ఈ లెక్క తెలియకుండానే దొరువులు తవ్వారు. ఇసుకలో లోతు లేని గుంట తవ్వి, ఊరిన నీటిని కడవలతో ముంచి మొక్క మొక్కకీ పోసేవారు. పైపైన ముంచేవారు కాబట్టి కింది ఉప్పు కదిలేది కాదు. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ఈ దొరువు పద్ధతినే మెరుగుపరిచారు. ఇసుక కింద రంధ్రాల గొట్టాలు అడ్డంగా పరిచి, వాటిలోకి ఊరిన పై నీటిని ఒక బావిలోకి చేర్చి, కొద్దికొద్దిగా తోడుకునే ఏర్పాటు చేశారు. అది పొలానికి సంబంధించిన సంగతి. కుండీకి కావలసింది ఇందులో ఒక్క ముక్కే: ఒకే పెరట్లో దొరువు నీళ్ళు వేరు, బోరు నీళ్ళు వేరు.

కాబట్టి విత్తనం పొట్లం కొనే ముందు నీళ్ళు పరీక్ష చేయించండి. శుభ్రమైన సీసాని అవే నీళ్ళతో మూడుసార్లు తొలిచి, నిండా పట్టి, మూత బిగించి భూసార, నీటి పరీక్ష చేసే ప్రయోగశాలకి ఇవ్వాలి. మోటారు వేసిన వెంటనే పట్టకూడదు. పది నిమిషాలు పోనిచ్చి పట్టాలి. కాగితం మీద ఇ.సి. అని ఒక అంకె వేసి ఇస్తారు. అది నీటిలోని లవణాల సూచిక. మిల్లీమోస్ అన్నా డెసీసైమన్స్ అన్నా అంకె ఒకటే, కంగారు పడొద్దు.

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1985లో వేసిన పుస్తకంలో పంటలకీ ఉప్పునీటికీ పట్టిక ఉంది. అందులో లెట్యూస్‌కి ఇలా ఉంది. నీటి ఇ.సి. 0.9 దాకా దిగుబడి తగ్గదు. 1.4 అయితే పదో వంతు పోతుంది. 2.1 అయితే నాలుగో వంతు, 3.4 అయితే సగం పోతుంది. అదే పట్టికలో బీటు దుంపకి 2.7 దాకా ఏమీ కాదు. మన పాలకూర బీటు జాతిదే. అంటే మీ నీళ్ళు 2 చూపించాయనుకోండి, లెట్యూస్ నీరసిస్తుంది, పాలకూర నవ్వుతూ పెరుగుతుంది. గంగపాయల కూర ఇంకా మొండిది. ఇలాంటి నీళ్ళున్న ఇంట్లో రోజూ పోసే కుండీలకి ఈ రెండు కూరలు పెట్టుకుని, లెట్యూస్‌కి వేరే నీళ్ళు చూసుకోండి.

పరీక్ష కాగితం వచ్చేలోగా ఇంట్లోనే కొన్ని గుర్తులు చూడొచ్చు. పప్పు ఉడకకపోవడం, సబ్బు నురగ రాకపోవడం నీటి కరుకుదనానికి గుర్తులు. కరుకుదనం, ఉప్పదనం ఒకటి కాదు గానీ మన తీరంలో రెండూ తరచు కలిసే వస్తాయి. మట్టి కుండీ బయట తెల్లటి పొర కడితే అది ఉప్పే. పాత ఆకుల అంచులు కాగితం కాలినట్టు ఎండి, లోపలి లేతాకు బాగుంటే ఎక్కువసార్లు ఉప్పు దెబ్బే. అలా కాకుండా పైఆకు బాగుండి లోపలి లేతాకు అంచు నల్లబడితే అది వేరు. వేడికి మొక్క తొందరగా పెరిగి, సున్నం పోషకం లేతాకు దాకా చేరక వచ్చే జబ్బు. ఒక రోజు ఎండగట్టి మర్నాడు ముంచేసే ఇళ్ళలో ఇది ఎక్కువ. నేను రెంటికీ తేడా తెలియక ఎరువు వేశాను. ఎరువు కూడా ఒక ఉప్పే. దాహంతో ఉన్నవాడికి ఊరగాయ పెట్టినట్టయింది.

మంచినీళ్ళు ఎక్కడివి?

వాన నీళ్ళే. ఇది పాత మాటే గానీ లెక్క వేసి చూడండి. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న కప్పు మీద 5 సెంటీమీటర్ల వాన పడితే సుమారు 460 లీటర్ల నీరు జారుతుంది. చిందగా, పారగా 400 లీటర్లు మిగులుతాయి. అంటే రెండు డ్రమ్ములు. చలికాలంలో పదంగుళాల కుండీకి రోజుకి అర లీటరు చాలు. పది కుండీలకి 5 లీటర్లు. రెండు డ్రమ్ములు ఎనభై రోజులు వస్తాయి. పంట కాలం అరవై, డెబ్భై రోజులు. అక్టోబరు, నవంబరుల్లో మన దగ్గర ఒక వాయుగుండం పట్టిందంటే ఒక్క రోజులో ఇంతకంటే ఎక్కువే కురుస్తుంది. ఆ ఒక్క రోజు వాన పట్టుకుంటే పది కుండీల పంట గట్టెక్కుతుంది.

తొలి జల్లు వదిలేసి, కప్పు కడిగాక వచ్చే నీరు పట్టండి. డ్రమ్ము మీద సన్నని గుడ్డ బిగించి కట్టి మూత పెట్టాలి. మూత లేని డ్రమ్ము డెంగీ దోమకి పుట్టిల్లు. కూర కోసం జ్వరం తెచ్చుకోవద్దు.

మంచినీళ్ళు అనుకుని పొరపాటు పడే నీళ్ళు రెండున్నాయి. ఒకటి, ఇంట్లో ఆర్.ఓ. మిషను పక్క గొట్టం నుంచి వదిలేసే నీరు. "వృథా ఎందుకు" అని మొక్కలకి పోస్తున్నారు. తాగే నీటిలోంచి తీసేసిన ఉప్పంతా ఆ గొట్టంలోనే వస్తుంది. అసలు బోరు నీటికంటే అది ఉప్పన. గిన్నెలు తోమడానికీ, బండలు కడగడానికీ వాడండి. రెండోది, నూలు అద్దకం చేసే ఇళ్ళ నీరు. రంగు పట్టడానికి ఉప్పు, సోడా బాగా వేస్తారు. ఆ నీరు పారిన చోట మట్టిని కూడా కుండీకి తేవద్దు. బియ్యం కడిగిన నీళ్ళు, అవి మంచినీళ్ళతో కడిగినవైతే, బాగా పనికొస్తాయి. గేదె ఉన్న ఇంట్లో అవి కుడితికి పోతాయి, అక్కడ మొక్కకి వాటా దొరకదు.

మంచినీళ్ళే పోస్తున్నా ఒక అలవాటు మానొద్దు. వారానికి ఒకసారి కుండీ అడుగు రంధ్రం నుంచి నీరు బాగా కారేదాకా పోయాలి. అప్పుడు పేరుకున్న ఉప్పు దిగిపోతుంది. రోజూ చెంబెడు పోసి పైపైన తడిపే ఇంట్లో ఉప్పు ఎక్కడికీ పోదు, మొక్క తాగిన నీరు పోగా కుండీలోనే మిగులుతుంది. కుండీ కింద పళ్ళెం పెట్టి, అందులో కారిన నీటినే మళ్ళీ పోసేవారిని చూశాను. అలా చేస్తే దిగిన ఉప్పుని ఎక్కించినట్టే.

దేంట్లో వేయాలి?

ఈ మాట కొంచెం గట్టిగానే చెప్పాలి. ఒక ఊళ్ళో ఓ ఇంటి ముందు కొత్తిమీర చాలా అందంగా పెరిగి కనిపించింది. దగ్గరికి వెళ్తే అది పురుగుమందు క్యాను. పైభాగం కోసి, కడిగి మట్టి పోశారు. "అయిదు సార్లు కడిగామండీ" అన్నారు. అయిదు కాదు, యాభై సార్లు కడిగినా ఆ క్యాను కూరకి పనికిరాదు. మందు ప్లాస్టిక్కులోకి ఇంకుతుంది, తర్వాత కొద్దికొద్దిగా బయటికొస్తుంది. మిరప, పత్తి వేసే రైతు ఇంట్లో ఇలాంటి ఖాళీ క్యాన్లు వరసగా ఉంటాయి. నీళ్ళు పట్టడానికి గానీ, మొక్క పెట్టడానికి గానీ అవి ముట్టుకోవద్దు. మందు కొట్టే రోజే మూడుసార్లు తొలిచి, ఆ నీటిని స్ప్రేయరులోనే పోసి, క్యానుకి చిల్లు పొడిచేస్తే ఇంకెవరూ వాడుకోరు. పాత రంగు డబ్బాలు కూడా వద్దు.

లెట్యూస్ వేరు లోతుకి పోదు. ఎనిమిదంగుళాల లోతుంటే చాలు. పదంగుళాల వెడల్పు కుండీలో ఒక్క మొక్క, కోతకి వచ్చే ఆకు రకమైతే రెండు. మట్టి కుండీ చల్లగా ఉంటుంది, అందుకని మంచిదే. కారే పాత బాన, పగిలిన గాబు ముక్క కూడా పనికొస్తాయి. మన తీరంలో నాకు బాగా నచ్చింది మాత్రం చేపలు, రొయ్యలు మోసే తెల్లటి థర్మాకోల్ పెట్టె. ఎండకి వేడెక్కదు, తేలిక, పెట్టెకి నాలుగు మొక్కలు పడతాయి. రెండు రోజులు మంచినీటిలో నానబెట్టి కడిగి ఉప్పు, నీసు పోగొట్టి, అడుగున వేలు పట్టేంత రంధ్రాలు ఆరు పెట్టండి. యూరియా సంచీ కూడా ఉతికి వాడొచ్చు, కాకపోతే ఒక ఎండాకాలానికి పొడిపొడి అయిపోతుంది.

మట్టి

ఒట్టి ఇసుక నీరు నిలపదు. కొమ్మమూరు కాలువ కింది నల్లమట్టి ఒక్కటే వేస్తే గట్టిపడి, నీరు దిగక, ఉప్పు అక్కడే కూర్చుంటుంది. రెండూ కలపాలి. నల్లమట్టి ఒక పాలు, ఇసుక ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు లేదా వానపాముల ఎరువు ఒక పాలు. ఇసుక సముద్రపు ఒడ్డుది తేవద్దు. ఊళ్ళోదైనా సరే ఒక తట్ట ఇసుక మీద రెండు బిందెల మంచినీళ్ళు పోసి కారనిచ్చి వాడండి.

కొబ్బరి పొట్టు కలిపితే నీరు బాగా పట్టుకుంటుంది. అయితే పీచు తీయడానికి కాయల్ని ఉప్పుటేర్లలో నానబెట్టే చోట్ల నుంచి వచ్చిన పొట్టులో ఉప్పు నిండి ఉంటుంది. బకెట్టులో నానబెట్టి, పిండి, నీరు పారబోసి, మళ్ళీ నానబెట్టి, ఇలా మూడుసార్లు చేశాకే కలపండి. నాలుక మీద చుక్క వేసుకుంటే తెలిసిపోతుంది.

ఎప్పుడు వేయాలి?

ఈ మొక్కకి పగలు 25 డిగ్రీల లోపు ఉంటే సంతోషం. మన దగ్గర డిసెంబరు, జనవరిలో కూడా పగలు అంతకంటే ఎక్కువే ఉంటుంది, రాత్రి చల్లబడుతుంది కాబట్టి సర్దుకుంటుంది. నవంబరు నడుమ నుంచి డిసెంబరు నడుమ దాకా నారు పోసుకోవాలి. అంతకు ముందు పోస్తే తుఫాను వాన కొడుతుంది, తర్వాత పోస్తే శివరాత్రి దాటగానే మొక్క నడుములో నుంచి కాడ లేచి పూతకి పోతుంది. కాడ లేచిందంటే ఆకు చేదెక్కినట్టే. ఏ ఎరువూ దాన్ని వెనక్కి తేలేదు.

ఉదయం ఎండ తగిలి, పన్నెండు దాటాక నీడ పడే చోట కుండీలు పెట్టాలి. తూర్పు గోడ వారన బాగుంటుంది. మిద్దె మీదైతే కొబ్బరి మట్టల పందిరి వేయండి. అక్కడ సిమెంటు వేడి అడుగు నుంచి కూడా తగులుతుంది కాబట్టి కుండీ కింద రెండు ఇటుకలు పెట్టడం మరవొద్దు.

విత్తనం, నారు

గడ్డ కట్టే రకాలు మన వేడికి గడ్డ కట్టవు, మోజుపడొద్దు. విడి ఆకుల రకాలు తీసుకోండి. గ్రాండ్ ర్యాపిడ్స్ ఒక పాత రకం. స్లోబోల్ట్ అనే రకం, పేరులో ఉన్నట్టే, కాడ కాస్త ఆలస్యంగా లేపుతుంది. ఒక గ్రాములో 800 నుంచి 1000 గింజలుంటాయి. పది కుండీలకి చిటికెడు చాలు. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక పొట్లం కొనుక్కోవడం మేలు.

ఈ గింజని లోతుగా పాతితే చాలా రకాల్లో మొలవదు. దీనికి వెలుతురు కావాలి. 1952లో అమెరికాలో బెల్ట్స్‌విల్ అనే చోట శాస్త్రవేత్తలు గ్రాండ్ ర్యాపిడ్స్ గింజల మీదే పరీక్షలు చేశారు. ఎర్ర వెలుగు చూపిస్తే మొలవడం, దూరపు ఎరుపు వెలుగు చూపిస్తే ఆగిపోవడం కనిపెట్టారు. మొక్కకి వెలుగు ఎలా తెలుస్తుందో లోకానికి అర్థమైంది ఈ గింజతోనే. మనకి కావలసిందల్లా ఇంతే: తడిపిన మట్టి మీద గింజలు చల్లి, అరచేత్తో అదిమి, పైన మెత్తటి మట్టి కనీకనపడనంత జల్లితే సరి.

వేడిగా ఉంటే కూడా గింజ నిద్రపోతుంది. 30 డిగ్రీలు దాటితే మొలక బాగా పడిపోతుంది. ఫ్రిజ్ ఉన్న ఇంట్లో తడిగుడ్డలో చుట్టి రెండు రోజులు కింది అరలో పెట్టి చల్లండి. లేని ఇంట్లో మంచినీళ్ళ కుండ కింద, ఆ చెమ్మ తగిలే ఇసుక మీద మూట పెట్టినా చాలా వరకు పని జరుగుతుంది. తెల్లటి ముక్కు కనపడగానే తీసి చల్లాలి. ముక్కు పొడుగైతే విరిగిపోతుంది.

నాలుగైదు రోజుల నుంచి వారం లోపు మొలుస్తుంది. ఒత్తుగా ఉన్నవి పీకేయండి, ఒత్తుగా ఉంటే నారుకుళ్ళు వస్తుంది. మూడు, నాలుగు వారాలకి నాలుగైదు ఆకులు వేశాక సాయంత్రం పూట కుండీల్లోకి మార్చాలి. మొవ్వు మట్టిలో కూరుకుపోకూడదు.

పచ్చిగా తినే ఆకని మరిచిపోవద్దు

మన ఇళ్ళలో ఆకుకూర మడికి పేడ నీళ్ళు చల్లడం అలవాటు. తోటకూరకైనా గోంగూరకైనా పర్వాలేదు, పొయ్యి మీద ఉడుకుతుంది. లెట్యూస్ ఉడకదు. పచ్చిపేడలోని క్రిములు, నులిపురుగుల గుడ్లు ఆకు మీద ఉంటే నేరుగా పిల్లల కడుపులోకే పోతాయి. అమెరికాలో సేంద్రియ సాగు నిబంధనల ప్రకారం మట్టికి తగిలే పంటకి పచ్చి ఎరువు వేస్తే కోతకి 120 రోజుల ముందే వేసి ఉండాలి. లెట్యూస్ జీవితకాలమే అందులో సగం. అంటే పచ్చిపేడకి ఇందులో చోటే లేదు. మొదట కలిపే ఎరువు నల్లగా, పొడిగా, వాసన లేకుండా చివికినదై ఉండాలి. జీవామృతం వాడేవారు కూడా ఈ ఒక్క కూరకి మానండి, ముఖ్యంగా ఆకు మీద చల్లొద్దు.

నాటిన పదిహేను రోజులకి ఒకసారి, మళ్ళీ పదిహేను రోజులకి ఇంకోసారి కుండీకి గుప్పెడు వానపాముల ఎరువు వేసి మట్టి కలిపితే చాలు. ఆకు మరీ పాలిపోతే లీటరు నీటికి 1 గ్రాము యూరియా కలిపి మొదట్లో పోయండి, అదీ తడి మట్టి మీదే. పొలానికి తెచ్చిన ఎర్ర పొటాష్ చిటికెడు వేద్దామన్న ఆశ వద్దు. అందులోది క్లోరైడు, మన నీళ్ళలో అది ఇప్పటికే ఎక్కువ.

పురుగు, తెగులు

పేనుబంక వస్తుంది. పొగాకు లద్దెపురుగు రాత్రి పూట తింటుంది. పొద్దున్నే ఆకు వెనక చూసి గుడ్ల గుంపు ఉన్న ఆకు తుంచి నలిపేయాలి. పది కుండీలకి ఇంతకంటే మంచి మందు లేదు. పేనుబంక మరీ ఎక్కువైతే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు నీరు కలిపి సాయంత్రం పిచికారి చేయండి. వారం దాకా ఆ ఆకు కోయొద్దు. నత్తలుంటే చీకటి పడ్డాక టార్చి వేసి ఏరాలి.

పొలం మందు సీసా అడుగున మిగిలింది చుక్క వేద్దామని చూసేవారుంటారు. మోనోక్రోటోఫాస్‌ని కూరగాయల మీద వాడకూడదని 2005లోనే నిషేధం పెట్టారు. ఎసిఫేట్ లాంటివి ఆకు లోపలికి ఇంకేవి, కడిగితే పోవు. పచ్చిగా తినే ఆకు మీద అలాంటి చుక్క పడితే ఆ కుండీ తిరగబోయడమే మార్గం.

కోత

విత్తిన 45 రోజుల నుంచి బయటి ఆకులు కోసుకోవచ్చు. ఒక్కో మొక్కకి మూడు, నాలుగు కోసి మధ్య మొవ్వు వదిలేస్తే వారానికి మళ్ళీ వస్తుంది. తెల్లవారుజామున కోస్తే కరకరలాడుతుంది, మధ్యాహ్నం కోస్తే తోలులా ఉంటుంది. ఉప్పునీళ్ళలో ముంచితే దాక్కున్న పురుగు బయటికొస్తుంది గానీ క్రిములు చావవు. చివరిగా కడిగే నీళ్ళు మాత్రం తాగే నీళ్ళే అయ్యుండాలి.

తినడానికి పెద్ద వంటలేమీ నేర్చుకోనక్కరలేదు. సన్నగా తరిగి పెరుగు పచ్చడిలో వేయొచ్చు, ఉల్లి, టమాటా, నిమ్మరసంతో కలపొచ్చు. కొరియా వాళ్ళు ఈ ఆకులో అన్నం, మాంసం ముక్క పెట్టి చుట్టి నోట్లో పెట్టుకుంటారు. వేయించిన వంజరం ముక్క, పచ్చి ఉల్లిపాయ పెట్టి చుట్టి చూడండి, మన ఊరి కూరే అనిపిస్తుంది. కొంచెం చేదెక్కిన ఆకుని పప్పులో దించే ముందు వేస్తే చేదు తగ్గుతుంది. బాగా చేదెక్కింది కోళ్ళకి వేయండి.

విత్తనం కట్టుకోవడం

మార్చిలో కాడ లేచాక అన్నీ పీకేయొద్దు. ఈ మొక్క చాలా వరకు తన పుప్పొడితోనే కాయిస్తుంది, కాబట్టి ఒక్క మొక్క ఉంచినా అదే రకం విత్తనం వస్తుంది. పొట్లం మీద సంకరం అని ఉంటే మాత్రం కట్టొద్దు. ఇక్కడ చాలామంది చేసే తప్పొకటుంది. ముందుగా పూతకి వచ్చిన మొక్క ముందుగా గింజ ఇస్తుంది కదా అని దాన్నే ఉంచుతారు. అది వేడికి ఓర్వలేక పూతకి పోయిన మొక్క. దాని గింజ వేస్తే వచ్చే ఏడు ఇంకా తొందరగా కాడ లేస్తుంది. అన్నిటికంటే ఆలస్యంగా కాడ లేపిన మొక్కకీ, ఆకు అంచు మాడకుండా నిలిచిన మొక్కకీ దారం కట్టి గుర్తు పెట్టుకోండి. నాకు పదిట్లో మిగిలిన రెండు కుండీల్లో ఒకటి అలాంటిదే. దాని గింజే పోయిన ఏడు వాన నీళ్ళతో వేశాను, తొమ్మిది నిలిచాయి.

పసుపు పూలు రాలాక తెల్లటి దూది కనిపిస్తుంది. ఆ దూది గాలికి లేచిపోయేలోగా, పొద్దున మంచు ఆరాక, తలని కాగితం సంచిలోకి వంచి దులపండి. రెండు రోజులు నీడన ఆరబెట్టి, గాజు సీసాలో పొడి బూడిద మూటతో పాటు వేసి మూత బిగించండి. మన తీరపు చెమ్మకి మూత వదులుగా ఉంటే వచ్చే కార్తీకానికి గింజ మొలవదు.